నడిచే ఇంటిలో విద్యుత్తు

ఇల్లు కదలదని లోకం అనుకుంటుంది. కాని రాయలసీమలో కదిలే ఇళ్ళకు కొదవ ఎన్నడూ లేదు. మందల వెంట గడ్డి ఉన్న చోటికల్లా సాగిపోయే గొర్రెల కాపరికి గొంగడియే ఇల్లు. తిరునాళ్ళకు బయలుదేరిన రైతు కుటుంబానికి గూడుబండియే నాలుగు దినాల నివాసం. వీరందరికంటె పెద్ద సంసారాన్ని భుజాన వేసుకొని తిరిగినవారు సురభి నాటక సమాజంవారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో, వనారస గోవిందరావుగారి పూనికతో, కీచక వధ నాటకంతో ఆరంభమైన ఆ సమాజం కుటుంబాలకు కుటుంబాలుగా ఊరూరా తిరిగింది. ఇల్లూ, రంగస్థలమూ, పాఠశాలా వారికి ఒక్క డేరా చుట్టూనే ఉండేవి. దిగిన ప్రతి చోటా నీటికి వలెనే వెలుతురుకు కూడ ఏర్పాటు చేసుకొనవలసి వచ్చేది. మన సంచార నాటక సమాజాల చరిత్రలో కాగడా, ఆముదపు దీపం, కిరసనాయిలు దీపం, పెట్రోమాక్సు, విద్యుద్దీపం అన్నవి ఒకదాని వెనుక ఒకటి వచ్చిన అధ్యాయాలు.

తరువాత టూరింగు టాకీసులు వచ్చినవి. 1910 ప్రాంతాన మచిలీపట్టణానికి చెందిన రఘుపతి వెంకయ్యగారు చిత్ర ప్రదర్శన యంత్రం తెప్పించుకొని ఊళ్ళు తిరిగి బొమ్మలు చూపినారు. ఆ దారిలోనే ఎందరో డేరా సినిమాలు నడిపినారు. విద్యుత్తు లేని పల్లెలో నూనె యింజను, దానికి తగిలించిన డైనమో, అక్కడినుండి డేరాలోకి రెండు తీగలు — ఇదియే వారి విద్యుత్ కేంద్రం, ఇదియే వారి పంపిణీ సంస్థ. ఏ తీగ ఎంత లావు ఉండవలెనో, ఏ దీపం ఆర్పితే ప్రొజెక్టరుకు బలం చాలునో ఆపరేటరు అనుభవం మీద తెలుసుకొనేవాడు.

ఇప్పుడు ఆ విద్య మరొక రూపంలో మన ముందుకు వచ్చినది. వ్యానులో మంచం, పొయ్యి, విసనకర్ర, చిన్న శీతలపేటిక అమర్చుకొని కుటుంబంతో దేశం చూడబోయేవారు మన రోడ్ల మీద కనిపిస్తున్నారు. జమ్మలమడుగు దాటి గండికోటలో పెన్న గట్టున ఒక రాత్రి, బెలుం గుహల వద్ద ఒక పగలు, అహోబిలంలో మరొక రాత్రి — ఇట్లు సాగుతుంది వారి యాత్ర. అట్టి బండిలో విద్యుత్తును ఎక్కడ నుండి తెచ్చుకొనవలెను, ఎట్లు నిలువ చేయవలెను, ఎట్లు పంచవలెను అన్నది చూచుటకు చిన్న ప్రశ్న. కాని హైస్కూలు భౌతికశాస్త్రంలో చెప్పుకొనే విద్యుత్ సూత్రాలన్నీ అందులో ఇమిడి ఉన్నవి. పొరపాటు చేస్తే మార్కులు కాదు, ప్రాణాలు పోతవి. కనుక ఉపాధ్యాయులూ విద్యార్థులూ దీనిని కొంచెం నిదానించి చూడదగును.

చెరువు, కాలువ, మడి

విద్యుత్తును నీటితో పోల్చి చెప్పుట పాఠశాలలలో ఉన్న ఆచారమే. కాని ఆ పోలిక కడప జిల్లాలో చెప్పినంత చక్కగా మరొక చోట చెప్పలేమేమో! ఈ జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కరుడు దానిని కట్టించి, 1369లో సంస్కృతంలో ఒక శాసనం వేయించినాడు. మంచి చెరువుకు కావలసిన సాధనాలు పన్నెండు, చెరువుకు ఉండరాని దోషాలు ఆరు అని ఆ శాసనం లెక్క పెట్టి చెప్పుతుంది. కట్టనుండి నీరు ఊరిపోవుట, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మిట్ట ఉండుట, నీరు తక్కువై సాగునేల ఎక్కువగుట, నేల తక్కువై నీరు ఎక్కువగుట — ఇవి ఆ ఆరు దోషాలు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పని చేస్తే ఆ చెరువు పూర్తి అయినదని కూడ అందులోనే ఉన్నది.

శాసనకర్తకు విద్యుత్తు సంగతి తెలియదు. కాని పరిమితమైన నిధిని పెక్కు అవసరాలకు పంచవలసి వచ్చినప్పుడు మనిషి చేసే తప్పులు ఆరు వందల యేండ్లలో పెద్దగా మారలేదు. సంచార గృహంలో బ్యాటరీయే చెరువు. రాగి తీగలు కాలువలు. దీపమూ, పంకా, శీతలపేటికా మడులు. స్విచ్చి తూము. ఇంటి యజమానియే నీరుగంటి. ఈ దృష్టితో చూస్తే ఆరు దోషాలలో ప్రతి దానికీ బండిలో ఒక జోడు కనిపిస్తుంది.

మొదట ఆయకట్టు లెక్క

ఆయకట్టు ఎంతో తేల్చక చెరువు తవ్వకూడదు. అదే తీరున బండిలో ఏమేమి పరికరాలు, ఒక్కొక్కటి రోజుకు ఎన్ని గంటలు నడుస్తవో ముందు కాగితం మీద వేయవలెను. వాట్లను గంటలతో హెచ్చవేస్తే వాట్-గంటలు వస్తవి. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్. మన ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ ఇదియే.

నలుగురున్న కుటుంబం వేసవిలో యాత్రకు బయలుదేరినదనుకొందాము. 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, నాలుగేసి గంటలు వెలిగినచో 80 వాట్-గంటలు. 25 వాట్ల పంకా పది గంటలకు 250. చిన్న శీతలపేటిక 45 వాట్లది. దాని కంప్రెసరు ఆగుతూ సాగుతూ మొత్తం మీద పన్నెండు గంటలు నడిచినచో 540. నీటి పంపు 60 వాట్లది, పావు గంటకు 15. ఫోనులూ, చిన్న కంప్యూటరూ కలిసి 100. మొత్తం 985 వాట్-గంటలు. అనగా ఇంచుమించు ఒక యూనిట్.

ఈ లెక్కను విద్యార్థులు గమనింపదగును. ఒక కుటుంబం ఒక పగలూ ఒక రాత్రీ సుఖంగా గడుపుటకు ఒక్క యూనిట్ చాలుచున్నది. అదే బండిలో 1200 వాట్లు తీసుకొనే శీతలీకరణ యంత్రం పెట్టి దాని కంప్రెసరును ఆరు గంటలు నడిపినచో అది ఒక్కటే 7 యూనిట్లకు పైగా మింగును. నీరు తక్కువై నేల ఎక్కువగుట అన్న ఐదవ దోషం ఇదియే. చెరువు నిండుగానే ఉన్నదని వరి వేసుకొన్న రైతు, మాఘమాసం వచ్చేసరికి ఎండిన మడి చూచి చింతించినట్లు, ఈ బండి యజమాని అర్ధరాత్రి ఉక్కపోతలో కూర్చుండి చింతింపవలసి వచ్చును. సీమవాసికి తెలిసిన ధర్మం ఇక్కడ కూడ వర్తించును: నీటిని బట్టి పంట, పంటను బట్టి నీరు కాదు.

నిలువ ఎంత?

రోజుకు ఒక యూనిట్ వంతున, ఒక దినం మబ్బు పట్టినా జరుగవలెనన్నచో రెండు యూనిట్లు నిలువ ఉండవలెను. ఇక్కడనే నాల్గవ దోషం ఎదురగును. చెరువు నడుమ మిట్ట ఉన్నచో చూపులకు విస్తీర్ణం కనిపించును గాని అంత నీరు పట్టదు. సీసపు బ్యాటరీ ఇట్టిదే. దాని సామర్థ్యంలో సగానికి మించి వాడినకొలదీ దాని ఆయువు తగ్గిపోవును. కావున దాని మీద వ్రాసిన అంకెలో సగమే మనదనుకొనవలెను. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1.8 యూనిట్లున్నవి. అట్టివి రెండు పెట్టినచో 3.6 యూనిట్లు, అందులో వాడుకొనదగినది 1.8 మాత్రమే. బరువు మాత్రం రెండూ కలిసి నూరు కిలోలకు చేరువగానో, దానిని మించియో ఉండును.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో ఈ మిట్ట చిన్నది. దాని సామర్థ్యంలో నూటికి 80 వంతుల వరకు నిర్భయంగా వాడవచ్చును. 12.8 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలో 2.56 యూనిట్లు ఉండును. వాడుకొనదగినది 2 యూనిట్లకు కొంచెం పైన. బరువు పాతిక కిలోల లోపే. వెల ఎక్కువ, ఆయువూ ఎక్కువ.

ఏ రకమైనను కడప ఎండను మరువరాదు. ఏప్రిలు, మే నెలలలో బయటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలున్న దినాన, ఎండలో మూసి నిలిపిన బండి లోపల 50 డిగ్రీలు దాటును. వేడి పది డిగ్రీలు హెచ్చినకొలదీ సీసపు బ్యాటరీ ఆయువు సగం తగ్గునని అనుభవజ్ఞుల లెక్క. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలకు పైన చార్జి చేయవద్దని చాలమంది తయారీదారులు హెచ్చరింతురు. కనుక బ్యాటరీ యింజను పక్కన గాని, ఎండ తగిలే రేకును ఆనుకొని గాని ఉండరాదు. మంచం క్రింద, నేలకు దగ్గరగా, గాలి ఆడే చోట కదలకుండ బిగించి ఉంచవలెను. సీసపు బ్యాటరీ చార్జి అగునప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడును. దానికి బయటికి పోయే దారి తప్పనిసరి.

మూడు ఊటలు

చెరువులోకి నీరు మూడు దారుల వచ్చును. మొదటిది సూర్యుడు. రాయలసీమ సూర్యుని గురించి వేరుగా చెప్పనక్కర లేదు. 2017లో 1000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కు ఈ ఎండను నమ్ముకొనియే వెలసినది. బండి పైకప్పు మీద 400 వాట్ల సౌర ఫలకాలు పరచినచో, రోజుకు ఐదు గంటల నిండు ఎండ వంతున 2000 వాట్-గంటలు రావలెను. కాని వచ్చునది అంత కాదు. ఫలకం బల్లపరుపుగా ఉండును, ధూళి పట్టును, తీగలలో కొంత పోవును. వీటన్నిటిని మించి, వేడియే వెలుగుకు శత్రువగును. ఫలకం తన ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించినకొలదీ డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు బలం కోల్పోవును. వేసవిలో ఫలకం 65 డిగ్రీలకు చేరినచో నూటికి 16 వంతులు అక్కడనే పోయినవి. అన్నీ తీసివేసి 1400 వాట్-గంటలు చేతికి వచ్చునని లెక్కించుకొనుట మంచిది. మిక్కిలి వేడిగానున్న దినమే మిక్కిలి విద్యుత్తు ఇచ్చునని అనుకొనుట భ్రమ. ఎండ తెల్లగా ఉండి గాలి చల్లగానున్న మాఘ ఫాల్గుణాల పగళ్ళే ఫలకానికి పండుగ దినాలు.

ఇందులో ఒక తగవు కలదు. మనిషికి చింతచెట్టు నీడ కావలెను. ఫలకానికి ఎండ కావలెను. బండి ఒక్కటే. ఒక్క కొమ్మ నీడ ఫలకంలో కొంత భాగంపై పడినను రాబడి ఆ భాగానికి మించి తగ్గిపోవచ్చును. కొందరు మడిచే ఫలకం ఒకటి వెంట తీసుకొని, బండిని నీడలో నిలిపి, ఫలకాన్ని పదడుగుల దూరంలో ఎండలో పరచి ఈ తగవు తీర్చుకొందురు.

రెండవ ఊట బండి యింజను. యింజనుతో తిరిగే ఆల్టర్నేటరు, యింజనును నడిపించే బ్యాటరీని ఎట్లును నింపుచుండును. దాని నుండి డి.సి. చార్జరు ద్వారా ఇంటి బ్యాటరీకి 30 ఆంపియర్లు మళ్ళించినచో రెండున్నర గంటల ప్రయాణంలో ఇంచుమించు ఒక యూనిట్ చేరును. అయితే యింజను బ్యాటరీ, ఇంటి బ్యాటరీ వేరువేరుగా ఉండి తీరవలెను. యింజను ఆగిన తోడనే ఆ రెంటి సంబంధం తెగిపోవలెను. లేనిచో రాత్రి పంకా త్రిప్పిన ఫలితంగా తెల్లవారి బండి కదలదు. విత్తనపు గింజలను కూటికి వాడుకొన్నట్లగును.

మూడవది లాడ్జీలోనో, బంధువుల ఇంటనో దొరికే 230 వోల్టుల సరఫరా. ఇక్కడ శాసనం చెప్పిన రెండు రాజ్యాల సరిహద్దు దోషం జ్ఞాపకం చేసుకొనవలెను. 12 వోల్టుల ఏకముఖ ప్రవాహం ఒక రాజ్యం. 230 వోల్టుల ఏకాంతర ప్రవాహం మరొక రాజ్యం. మొదటిది తాకినను చేతికి షాకు తగలదు, రెండవది చంపును. ఈ రెంటి తీగలు ఒకే గొట్టంలో పోరాదు, ఒకే పెట్టెలో కలియరాదు, రంగులు ఒకటిగా ఉండరాదు. బండి రబ్బరు చక్రాల మీద నిలుచును గనుక భూమితో దానికి సంబంధం లేదు. అందుచేత 230 వోల్టుల తీగతోపాటు భూమి తీగ కూడ బయటి సాకెట్టునుండి వచ్చి బండి ఇనుప చట్రానికి కలియవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకు కనిపించిన తోడనే సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. అనే సాధనం తప్పక ఉండవలెను.

తీగ లావు రహస్యం

ఇక పంపకం. తీగలో పోయే ప్రవాహానికి తీగ నిరోధం అడ్డుపడునని, వోల్టేజి, ప్రవాహం, నిరోధం ఈ మూటికి గల సంబంధాన్ని 1827లో జార్జి ఓమ్ ప్రకటించినాడు. ఆయన కొలోన్ నగరంలో పాఠశాలోపాధ్యాయుడుగా ఉండగానే ఈ ప్రయోగాలు చేసినాడన్న సంగతి మన ఉపాధ్యాయులకు సంతోషం కలిగించును. ఆ నిరోధంలో పుట్టే వేడి ప్రవాహం యొక్క వర్గాన్ని బట్టి పెరుగునని 1841లో జౌలు చూపినాడు. ప్రవాహం రెట్టింపైనచో వేడి నాలుగింతలగును. సంచార గృహంలోని అపాయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

2000 వాట్ల విద్యుత్ పొయ్యి మన ఇంటిలో 230 వోల్టుల మీద 9 ఆంపియర్లకు లోపే తీసుకొనును. అదే పొయ్యిని 12 వోల్టుల బ్యాటరీ నుండి ఇన్వర్టరు ద్వారా నడిపినచో బ్యాటరీ తీగలో 167 ఆంపియర్లు, ఇన్వర్టరు నష్టం కలిపి 180 ఆంపియర్లకు పైగా పోవును. ఇంటి గోడలో ఉన్న సన్నని తీగను ఇక్కడ వేసినచో అది తీగగా ఉండదు, నిప్పు కణికగా మారును. వోల్టేజి తక్కువైనకొలదీ తీగ లావు కావలెనన్న సూత్రం మొదటిసారి వినువారికి వింతగా తోచును. ‘పన్నెండు వోల్టులే గదా, ఏమగును?’ అన్న మాట వెనుకనే నిప్పు పొంచి ఉన్నది.

దూరం కూడ లెక్కలోనిదే. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి కడప దాక వచ్చే కె.సి. కాలువ చరిత్ర ఈ జిల్లావారికి తెలియనిది కాదు. 1863 నుండి 1870 వరకు మద్రాసు ఇరిగేషను కంపెనీ దానిని తవ్వించినది. 1882లో ప్రభుత్వం కొనివేసినది. తల దగ్గర నిండుగా పారే నీరు తోక దగ్గరకు వచ్చేసరికి సన్నగిల్లుట ఆఖరు ఆయకట్టు రైతుకు నిత్యానుభవం. తీగలోను అంతే. బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో 5 ఆంపియర్లు తీసుకొనే శీతలపేటిక ఉన్నదనుకొందాము. పోనూ రానూ తీగ పది మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసినచో దారిలో 0.57 వోల్టు పోవును. అనగా పన్నెండింటిలో నూటికి ఇంచుమించు 5 వంతులు. బ్యాటరీ కొంచెం తగ్గినచో ఆ పేటిక కంప్రెసరు బయలుదేరలేక మూలుగును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో పోవునది 0.22 వోల్టు మాత్రమే. అదే అర వోల్టు నష్టం 230 వోల్టుల ఇంటిలో ఎవరి దృష్టికీ రాదు. రాగికి రాగి యొక్క నిరోధకత, పొడవు, మందం తెలిసినచో ఈ లెక్కను తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు స్వయంగా వేయగలరు.

ఫ్యూజు ఎవరి కాపలా?

బ్యాటరీ ధనధ్రువం నుండి బయలుదేరిన లావు తీగ మీద, జానెడు దూరం దాటక ముందే, ప్రధాన ఫ్యూజు ఉండవలెను. దాని తరువాత ప్రధాన స్విచ్చి. ఆ తరువాత రాగిదో ఇత్తడిదో అయిన పంపిణీ పట్టీ. ఋణధ్రువానికి అట్టిదే మరొక పట్టీ. ధన పట్టీ నుండి ఫ్యూజుల పెట్టెలోకి, అక్కడ నుండి శాఖలుగా దీపాలకు ఒకటి, పంకాకు ఒకటి, పంపుకు ఒకటి, శీతలపేటికకు ఒకటి. ఒక శాఖ తెగినను మిగిలినవి నడుచుచుండును. మడులన్నిటికి ఒకే గండి పెట్టక వేరువేరు పిల్లకాలువలు తీసినట్లు ఈ ఏర్పాటు.

ఫ్యూజు పరికరాన్ని కాపాడునని సామాన్యంగా అనుకొందురు. కాదు, అది తీగను కాపాడును. కావున ఫ్యూజు అంకె పరికరాన్ని చూచి కాదు, తీగను చూచి నిర్ణయింపవలెను. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 10 ఆంపియర్లు, 2.5కు 15, బ్యాటరీ నుండి వచ్చే 25 చదరపు మిల్లీమీటర్ల కేబులుకు 100 — ఇవి మధ్యతరగతి సంచార గృహానికి సరిపడే అంకెలు. తీగలను కట్టగా కట్టినప్పుడు, వేసవిలో రేకు కాలినప్పుడు తీగ మోయగల బరువు తగ్గునని కూడ తలచవలెను. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానంలో లావు రాగి పోగు చుట్టువాడు ఇంటికి కాపలా కుక్కను చంపి దొంగకు తలుపు తీసినవాడు. లిథియం బ్యాటరీ షార్ట్ అయినచో క్షణంలో వేల ఆంపియర్లు పారగలవు గనుక, అంతటి ప్రవాహాన్ని తెంచగల ప్రత్యేకమైన ఫ్యూజునే దానికి వాడవలెను.

స్విచ్చి విషయంలో టూరింగు టాకీసు మనకొక పాఠం చెప్పును. ప్రొజెక్టరులో రెండు కార్బను కడ్డీల నడుమ నిలిచి మండే మెరుపు వెలుగులోనే ఆనాటి బొమ్మలు తెర మీద ఆడినవి. ఏకముఖ ప్రవాహంతో ఆ మెరుపు నిలకడగా వెలుగును. ఆపరేటరు కోరి పుట్టించుకొన్న ఆ మెరుపే స్విచ్చి తయారుచేయువానికి భయహేతువు. మన ఇళ్ళలోని ఏకాంతర ప్రవాహం సెకనుకు నూరుసార్లు శూన్యానికి వచ్చును గనుక, స్విచ్చి విడివడగానే మెరుపు తనంతట ఆరిపోవును. ఏకముఖ ప్రవాహం శూన్యానికి రాదు. మెరుపు పట్టుకొని నిలుచును, స్విచ్చి కొనలను కరిగించును. కావున ఎక్కువ ఆంపియర్లు పోయే చోట, ముఖ్యంగా సౌర ఫలకాలను శ్రేణిలో కలిపి వోల్టేజి పెంచిన చోట, ఏకముఖ ప్రవాహానికే చేసిన స్విచ్చిలు వాడవలెను.

ఇల్లు కదలదు, బండి కదులును. గోడలో వేసిన ఒంటి పోగు తీగ రోడ్డు కుదుపులకు విరిగిపోవును. సన్నని పోగులు పేనిన తీగయే బండికి తగినది. తీగ రేకును దూసుకొని పోయే ప్రతి రంధ్రానికి రబ్బరు వలయం తొడగవలెను. లేనిచో రేకు అంచు దినదినం రాచి, ఒకనాడు రాగిని ముట్టుకొనును. కొనలను చేతితో మెలిపెట్టి వదలక, తగిన లగ్గులు తొడిగి నొక్కి బిగించవలెను.

మిగిలిన దోషాలు

కట్టనుండి నీరు ఊరిపోవుట మొదటి దోషమని శాసనం చెప్పినది గదా! బండిలో అది కంటికి కనిపించదు. ఏ పనీ లేకున్నను తెరచి ఉంచిన ఇన్వర్టరు 15 వాట్లు తీసుకొన్నదనుకొన్నచో, ఇరువది నాలుగు గంటలకు 360 వాట్-గంటలు. మన కుటుంబం రోజంతా వాడినదానిలో మూడవ వంతుకు మించినది ఎవరికీ ఉపయోగం లేకుండ ఇంకిపోయినది! వాడనప్పుడు ఇన్వర్టరు ఆర్పుట, వీలైన పరికరాలన్నీ 12 వోల్టులవే ఎన్నుకొనుట దీనికి మందు.

చవుడు నేల రెండవ దోషం. బ్యాటరీ కొనల మీద తెల్లగానో, పచ్చగానో పూచే చిలుము ఆ చవుడే. చిలుము పట్టిన చోట, మర వదులైన చోట నిరోధం పెరుగును. నిరోధం పెరిగిన చోట వేడి పుట్టును. నెలకొకసారి ప్రతి కొనను బిగించి చూచుట, ప్రయాణం తరువాత చేయి పెట్టి ఎక్కడైనా వెచ్చగా ఉన్నదేమో పరిశీలించుట అలవాటు చేసుకొనవలెను.

ఆరవ దోషం నేల తక్కువై నీరు ఎక్కువగుట. రెండు దీపాలు, ఒక పంకా ఉన్న బండికి బారెడేసి బ్యాటరీలు నాలుగు మోసుకొని తిరుగుటలో గొప్ప లేదు. ఆ బరువును ప్రతి మైలూ డీజిలు పోసి మోయవలెను. మితి మీరిన సమృద్ధిని కూడ దోషమని లెక్క పెట్టిన ఆ శాసనకర్త వివేకం మెచ్చదగినది.

ఎందుకింత జాగ్రత్త?

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగుళూరు నుండి హైదరాబాదుకు పోవుచున్న బస్సు తెల్లవారు జామున కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది మరణించినారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద మరొక బస్సు నిద్రిస్తున్న ప్రయాణికులతో దగ్ధమైనది. ఈ రెండు ఘోరాలు ఢీకొనుటతో ఆరంభమైనవి గాని తీగల లోపంతో కాదు. అయినను నిప్పు అంటుకొన్న బండిలో నిద్రపోవువానికి ఎంత తక్కువ వ్యవధి ఉండునో అవి మన రోడ్ల మీదనే రుజువు చేసినవి. సంచార గృహంలో పరుపు ఉన్నది, తెరలు ఉన్నవి, చెక్క ఉన్నది, వంట గ్యాసు ఉన్నది. తలుపు సాధారణంగా ఒక్కటే. అందులో పిల్లలు నిద్రింతురు. నాలుగు వందల రూపాయల ఫ్యూజు దగ్గర పొదుపు చేయుటకు ఇది చోటు కాదు.

అందుచేత మంటలార్పే సాధనం మంచం క్రింద కాక తలుపు పక్కన ఉండవలెను. ప్రధాన స్విచ్చి నిద్రలేచినవాని చేతికి చీకటిలో అందే చోట ఉండవలెను. తీగలు వేయుట పరికరాలు కొనుటకు ముందు పని కావలెను గాని, అన్నీ అమర్చిన తరువాత మిగిలిన సందులలో దూర్చే పని కాకూడదు. 230 వోల్టుల భాగాన్ని అనుమతి పొందిన విద్యుత్ పనివాని చేతనే చేయించవలెను.

పాఠశాలలలో దీనిని ఒక చిన్న అభ్యాసంగా చేయించవచ్చును. బండి అక్కర లేదు. విద్యార్థులు తమ ఇంటిలోని పరికరాల వాట్లు చూచి, గంటలు వ్రాసి, ఒక యూనిట్‌తో ఒక దినం ఎట్లు గడుపవచ్చునో పట్టిక వేసికొని రావచ్చును. ఏది ఉంచుకొందురు, ఏది విడిచిపెట్టుదురు, చదువుకొను చెల్లెలి దీపమా, అన్నగారి టెలివిజనా, అవ్వ పక్కన తిరిగే పంకాయా అన్న చర్చ తరగతిలో తప్పక లేచును. లెక్కల పాఠంగా ఆరంభమైనది అక్కడ పౌరనీతి పాఠమగును. వాననీటి చుక్కను లెక్కపెట్టి బ్రతికిన సీమ బిడ్డలకు ఈ లెక్క కష్టమని తోచదు.

చివరకు ఒక్క మాట. వలయ చిత్రాన్ని గీసి, ఏ ఫ్యూజు ఏ శాఖదో, ఏ తీగ ఎంత లావుదో తెలుగులో స్పష్టంగా వ్రాసి, ఫ్యూజుల పెట్టె మూత లోపలి వైపున అతికించవలెను. పోరుమామిళ్ళ చెరువు కట్టించినవాడు చెరువుతో తృప్తి పడక, దానిని ఎట్లు కట్టవలెనో రాతి మీద చెక్కించి పోయినాడు. తాను లేనినాడు దానిని బాగు చేయబోవువానికి దారి తెలియవలెనని అతని తలంపు కాబోలు. కట్టినవాడు దగ్గర లేనప్పుడు బండిలో చెడినదానిని సరిచేయవలసినవాడు ఆ కాగితం ముక్కను చూచియే తన పని మొదలుపెట్టును.